మా తాత రాయించిన తాతలు

మొన్న ఆదివారం మా అన్నయ్య కొడుకు ఒక అమ్మాయిని వెంటబెట్టుకుని చిలకలగూడలోని మా ఇంటికి వచ్చాడు. పెళ్ళిమాట చెప్పడానికి వచ్చాడేమోనని నేను గబగబా చీర మార్చుకుని, సేమ్యా పాయసానికి పాలు కూడా పొయ్యి మీద పెట్టాను. తీరా చూస్తే ఆ అమ్మాయి వంశాలు వెతికిపెట్టే మనిషట. అదే ఆమె ఉద్యోగం. పాత రిజిస్టర్లు, సమాధుల మీది రాతలు, కోర్టు కాగితాలు తిరగేసి, ఎవరికి ఎవరు పుట్టారో తేల్చి, చివరికి ఒక చెట్టు బొమ్మ గీసి ఇస్తుందట. మావాడు ఆమెను కుదుర్చుకున్నాడు. ఇంట్లో మిగిలిన పెద్దదాన్ని నేనే కాబట్టి మొదటి సాక్షినీ నేనే. "అత్తా, నీకు యాదికున్నదంత చెప్పు. నీ తర్వాత అడుగుదామంటే ఎవ్వరు లేరు," అన్నాడు. మాటవరసకే అన్నాడు గానీ, నేను పోయాక చదవాల్సిన ఫాతిహా నేనే విన్నట్టయింది. పాయసం మాత్రం మానలేదు, ఆ అమ్మాయికే పెట్టాను.

మావాడి దగ్గర ఒక కాగితం ఉంది. మా నాన్న పోయాక బీరువాలో దొరికింది. నల్లసిరా, ఎర్రసిరా, చుట్టూ ఆకుల అంచు, మధ్యలో ముత్యాల్లాంటి ఉర్దూ అక్షరాలు. దాన్ని షజరా అంటారు, వంశవృక్షమే. దాని ప్రకారం మేము పద్నాలుగు తరాల కింద అరబ్బు దేశంలో ఓడెక్కి వచ్చినవాళ్ళం. మావాడు దానికి అద్దం కట్టించి వాళ్ళింట్లో ముందుగదిలో వేలాడదీశాడు. ఆ అమ్మాయి దాని ఫోటోను ఫోన్‌లో అటూ ఇటూ జరిపి చూసి, చాలా మర్యాదగా, "ఆంటీ, దీనికి సోర్స్ ఏంటో మీకు తెలుసా?" అని అడిగింది. తెలుసు. తెలిసినవాళ్ళలో నేనొక్కదాన్నే మిగిలాను. మావాడి ముఖం చూస్తే చెప్పబుద్ధి కాలేదు. కానీ ఆ చెట్టులో ఒక మనిషి చేరాలని నాకు ఎన్నేళ్ళుగానో కోరిక. ఆ మనిషి మా మేనత్త, నాన్నకు అక్క. నేను పుట్టకముందే పోయింది. ఆమె సంగతి రావాలంటే ముందు ఆ కాగితం సంగతి చెప్పక తప్పదు. అందుకని నాయనమ్మ నోట విన్నది విన్నట్టు చెప్పాను.

మాది దూదేకేవాళ్ళ ఇల్లు. మోండా మార్కెట్ వెనక సందులో తాతకు పరుపుల దుకాణం ఉండేది. చుట్టూ నిజాం రాజ్యం, మధ్యలో తెల్లవాళ్ళ కంటోన్మెంటు, తాతకు ఇద్దరూ గిరాకీలే. ఇంట్లో మాట్లాడేది తెలుగు, మొక్కేది అల్లాకు. మేమూ సాయిబులమే అంటే సాయిబులు నవ్వేవారు. మిగతావాళ్ళు సాయిబులనే పిలిచేవారు. రెంటికీ చెడ్డ రేవడి బతుకు. మేనత్తకు పదహారేళ్ళు వచ్చేసరికి దూది ధూళికి పొడిదగ్గు పట్టుకుంది. తాత తల్లీ, చెల్లెలూ ఆ దగ్గుతోనే పోయారు. ఎలాగైనా బిడ్డను దూది లేని ఇంట్లో ఇవ్వాలని తాత పట్టుబట్టాడు. చివరికి బీదర్ వైపు ఒక చిన్న ఊళ్ళో కచేరీ గుమాస్తా సంబంధం వచ్చింది. పిల్ల నచ్చిందన్నారు. ఖాన్‌దాన్ ఏదని, అంటే ఏ వంశమని అడిగారు. షజరా పంపమన్నారు.

అప్పట్లో షజరాలు రాయడమే పనిగా బతికే మున్షీలు ఉండేవారట. తాత అలాంటి ఒకాయనను కుదుర్చుకున్నాడు. ఆయన శుక్రవారం నమాజు కాగానే కలాల పెట్టె చంకన పెట్టుకుని వచ్చేవాడు. "మీ తాత పేరేంది?" అని అడిగితే తాత చెప్పాడు. "ఆయన తండ్రి?" అంటే, "యాదికి లేదు సాబ్. దూదేకేటోడే," అన్నాడు. "ఆయన తండ్రి?" "ఆయన సుత దూదేకేటోడే సాబ్." మున్షీ కలం కిందపెట్టి, "పరేషాన్ గాకు. నేను జూస్కుంట," అన్నాడట. అక్కడినుంచి వారానికి రెండు తరాల చొప్పున మా వంశం పైకి పెరిగింది. నాయనమ్మ వండిన తలకాయకూర బాగా కుదిరిన శుక్రవారం మాకు మక్కా వెళ్ళొచ్చిన హాజీ కూడా ఒకాయన పుట్టాడు. పెళ్ళివారి ఆడవాళ్ళు వంటింట్లో చేరి ఆరా తీస్తారన్న భయంతో, అక్షరం ముక్క రాని నాయనమ్మ ఆ పద్నాలుగు పేర్లూ నోటికి పట్టింది. దిండ్లలో దూది కూరుతూ కూతురిచేతా వల్లె వేయించింది. కాగితం పూర్తయిన రోజు, మసీదు బడిలో ఉర్దూ నేర్చుకున్న మేనత్త దాన్ని పైనుంచి కిందిదాకా చదివి, "మున్షీ సాబ్, గిదంత నాకోసమే గద. మరి నేనేడున్న?" అని అడిగిందట. మున్షీ నవ్వి, "ఆడపిల్లల్ని షజరాల రాయరు బిడ్డా," అన్నాడు. నిజమే, కింది వరసలో ఎనిమిదేళ్ళ మా నాన్న పేరే ఉంది.

పెళ్ళయింది. మూడు నెలలకు దగ్గు తగ్గిందని మేనత్త ఉత్తరం రాసింది. తాత దాన్ని దుకాణానికి వచ్చిన గిరాకీల చేత కూడా చదివించుకుని విన్నాడట. ఆ సంబరం రెండేళ్ళు సాగింది. తర్వాత నలభై ఎనిమిదిలో పోలీస్ యాక్షన్ వచ్చింది, నిజాం రాజ్యం పోయింది. సికింద్రాబాదులో మావాళ్ళకు ఏమీ కాలేదు. నాలుగు రోజులు దుకాణం మూశారు, ఐదో రోజు తీశారు. బీదర్ వైపు మాత్రం సాయిబుల ఇళ్ళ మీద పడి చంపుతున్నారని వినబడింది, అక్కణ్ణుంచి ఉత్తరాలు ఆగిపోయాయి. నెల రోజులు ఎదురుచూసి తాత బయలుదేరి వెళ్ళాడు. వారానికి తిరిగొచ్చాడు. గడపలో కూర్చున్న నాయనమ్మతో, "ఇల్లు లేదు. ఇంట్ల మనుషులు సుత లేరు," అన్నాడు. గోడకు ఆనుకుని, "గా ఊర్లనే దూదేకేటోళ్ల ఇండ్లు రెండున్నయి. వాళ్లు సాయిబులు కాదు, మనోళ్లే అని ఎవ్వరు ముట్టలే," అన్నాడు. బిడ్డ బతకాలని కదా ఆయన ఆ తాతలందరినీ రాయించుకొచ్చాడు.

తాత షజరాను పొయ్యిలో పెట్టబోతే నాయనమ్మ లాక్కుని దాచింది. ఉత్తరాలను తాత ఏం చేశాడో ఎవరికీ తెలియదు. "ఇంట్ల దాని పేరు తియ్యకున్రి. నాతోని కాదు," అన్నాడట. ఎవరూ తియ్యలేదు. నాయనమ్మ ఆమెను 'పెద్దది' అనేది, నాన్న 'అక్క' అనేవాడు. నా చిన్నప్పుడు మధ్యాహ్నం పూట నన్ను ఒళ్ళో పడుకోబెట్టుకుని, జోకొడుతూ, నాయనమ్మ ఆ పద్నాలుగు పేర్లూ చదివేది. లేని మనుషుల పేర్లని ఆమెకు తెలుసు. కానీ కూతురికి నేర్పిన ఆఖరి పాఠం అదే. చివరి పేరు దగ్గర కాసేపు ఆగి, కొంగుతో కళ్ళు ఒత్తుకుని, మళ్ళీ మొదటినుంచి అందుకునేది.

నేను చెప్పడం అయ్యాక మావాడు ఫోన్ అందుకుని షజరా ఫోటోను మళ్ళీ చూశాడు. "మరి గిన్నేండ్లు ఎందుకు చెప్పలే అత్తా?" అన్నాడు. ఆ అమ్మాయి తన లాప్‌టాప్ నావైపు తిప్పి, "మేం లేడీస్ పేర్లు కూడా రాస్తాం ఆంటీ," అని, మా నాన్న గడి పక్కన కొత్త గడి ఒకటి తెరిచింది. నా గుండె బరువు దిగినట్టయింది. "చెప్పండి ఆంటీ, మీ మేనత్తగారి పేరు?" అంది. చెబుదామని నోరు తెరిచాను. పెద్దది. అక్క. బిడ్డ. మేనత్త. అన్నీ వరసలే వస్తున్నాయి, పేరు రావడంలేదు. మరిచిపోవడం కాదు, నేను ఎప్పుడూ వినలేదు. నాన్న ఉండగా అడగాలని కూడా తోచలేదు. పెద్దవాళ్ళను వరసపెట్టి పిలవడమే గానీ పేర్లతో మనకేం పని అనుకున్నాను. పుట్టని పద్నాలుగుమంది పేర్లు నిద్రలో లేపి అడిగినా చెప్పగలను. మా ఇంట్లో పుట్టి, దగ్గి, దిండ్లు కుట్టి, నేనేడున్న అని అడిగిన మనిషి పేరు నాకు తెలియదు. నేను ఏడవడం చూసి ఆ అమ్మాయి, ఏ ఖాజీ రిజిస్టర్లోనైనా నిఖా రాసి ఉండొచ్చు, వెతుకుతానంది. వెతుకు తల్లీ అన్నాను. అప్పటిదాకా ఆ గడిలో 'పేరు తెలియదు' అని రాసుకుంది. కాలం మనుషులను మరిపిస్తుందంటారు గానీ, ఇందులో కాలాన్ని అనడానికేమీ లేదు. మా మేనత్తకు పేరు లేకుండా చేసింది మేమే. అదీ ప్రేమకొద్దీ, నోరు మూసుకుని, రెండే తరాల్లో.