పెద్దవ్వ లేని పెళ్లి వీడియోలు

మా పెద్దవ్వ పోయిందన్న కబురు నాకు ఇచ్చోడలో అందింది. ఒక నిశ్చితార్థానికి కెమెరా స్టాండ్లు బిగిస్తున్నాను. అవ్వ ఫోన్ చేసి, "పెద్దవ్వ లేవలే బిడ్డా. ఛాయ్ పట్టుకపోతే లేవలే" అన్నది. పని తోటి కెమెరామన్‌కు అప్పజెప్పి చొప్పదండి దారి పట్టాను. దారి పొడుగునా ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఈ నాలుగు మాటలూ ఆ కోపంతోనే రాస్తున్నాను. చదివేవాళ్లు ఏమీ అనుకోవద్దు.

పెద్దవ్వ అంటే మా అవ్వకు, అంటే అమ్మకు, అక్క. పెళ్లయిన మూడేళ్లకే భర్త పోతే తిరిగొచ్చి, చివరిదాకా మాతోనే ఉండిపోయింది. అవ్వ నాట్లకూ కలుపులకూ పోతే నన్ను పెంచింది ఆమే. నాకంటే ముందు మా మామను, అంటే వాళ్ల తమ్ముణ్ణి, చంకనెత్తుకుని పెంచింది కూడా ఆమే. బీడీలు చేసేది. ఒళ్లో చాట, చాటలో ఆకు, తంబాకు, దారం. ఆకు కోసే కత్తెరను ఎవరినీ ముట్టనిచ్చేది కాదు. చిన్నప్పుడు ఒకసారి దానితో కాగితం కత్తిరించినందుకు నాలుగు రోజులు నాతో మాట్లాడలేదు.

నేను పెళ్లి వీడియోల మిక్సింగ్, అంటే కోసి అతికించే పని, మొదలుపెట్టాక ఆ చాట నా కంప్యూటర్ పక్కకు చేరింది. బీడీలు చుడుతూనే తెర వైపు చూసేది. ఎవరు కనబడ్డా వాళ్లది ఏ ఊరో, ఎవరికి ఏమవుతారో, ఎప్పుడు ఎవరిని ఏమన్నారో చెప్పేది. "గీమెను మీ అవ్వ కాన్పు నాడు ఉడుకు నీళ్లు అడిగితే పొయ్యి ఆర్పింది" అనేది. పోనీలే పెద్దవ్వా, ఎప్పటి మాట అంటే చేతిలో పని ఆపి నా వైపు తిరిగేది.

"నేను మర్వ. నువ్వు గూడ మర్వకు."

క్షమించమని చెప్పే పెద్దలు చాలా ఇళ్లలో ఉంటారు. మా ఇంట్లో గుర్తుపెట్టుకోమని చెప్పే మనిషి ఉండేది. అందుకు ఆమెకు రుణపడి ఉన్నాను.

మా ఇంట్లో వైఫై పక్కన గూట్లో ఒక స్టోరేజీ సర్వర్ ఉంది. నాలుగు హార్డ్ డిస్కులు పట్టే నల్ల పెట్టె, ఇంట్లో ఏ కంప్యూటర్ నుంచైనా తెరవొచ్చు. నేను తీసిన పెళ్లిళ్లన్నీ అందులోనే ఉంటాయి. పెద్దవ్వ దాన్ని డబ్బా అనేది. వడ్ల గుమ్మి గురించి అడిగినట్టు "డబ్బ నిండిందా?" అని అడిగేది. అది ఎప్పుడూ నిండే ఉంటుంది. అందుకని నాకు ఒక పద్ధతి ఉండేది. మిక్సింగ్ అయిన పెళ్లి ఉంచుకోవాలి, కెమెరాలోంచి దించిన అసలు వీడియో తుడిచేయాలి. ఈ పనిలో ఉన్నవాళ్లు చాలామంది ఇదే చేస్తారు.

మామ బిడ్డ పెళ్లయిన వారానికి మామ నా గదికి వచ్చాడు. పెద్దవ్వ తలుపు పక్కనే చాటతో కూర్చుని ఉంది. ఆయన గొంతు కూడా తగ్గించలేదు. "అల్లుడా, అక్క పడ్డకాడ తీసెయ్. బొట్టు లేని మొకం తలంబ్రాల కాడ కనవడొద్దు, వియ్యపోళ్లు సూస్తరు" అన్నాడు. నేను లేచి బయటికి పొమ్మనాల్సింది. సరే మామా అన్నాను.

మర్నాడు కోస్తున్నప్పుడు ఆమె నా పక్కనే ఉంది. బీడీలు చుడుతూనే ఉంది. ఒకచోట మాత్రం ముందుకు వంగి తెర మీద వేలు పెట్టింది.

"కొంగు మిగిలింది సూడు. కోసుడైతే సాపుగ కొయ్యి."

ఆ కొంగు కూడా కోశాను. తర్వాత చుట్టాల్లో ఇంకో నాలుగు పెళ్లిళ్ల వాళ్లు అదే అడిగారు. అవీ కోశాను. నా కోపంలో సగం నా మీదే అని ఇప్పటికే మీకు అర్థమై ఉంటుంది.

ఆమె మాత్రం తన పద్ధతిలో బదులు తీర్చుకుంది. ఆ పెళ్లి తర్వాత తమ్ముని ఇంట్లో పచ్చి మంచినీళ్లు ముట్టలేదు. అలాగని పోవడం మానలేదు. పిలిచిన ప్రతి కార్యానికీ స్టీలు టిఫిన్ డబ్బా, నీళ్ల సీసా పట్టుకుని పోయి, భోజనాల బంతి మధ్యలో కూర్చుని, అందరూ చూస్తుండగా తను తెచ్చుకున్న జొన్నరొట్టె తినేది. ఎవరైనా అడిగితే, మా తమ్ముని ఇంట్లో వంట బాగుంటుంది, నా కడుపుకే పడదు అని నాలుగు వరసల దాకా వినబడేలా చెప్పేది. మామ మొహం చూడాలి అప్పుడు.

ఆమె పోయిన మూడో రోజు ఆ మామే ఫోన్ చేశాడు. పెద్దకర్మకు ఫ్లెక్సీ కొట్టించాలి, కింద తన పేరు పెద్దక్షరాల్లో ఉండాలి, అక్కది మంచి ఫోటో ఒకటి వెతకమన్నాడు. ఇంట్లో ఉన్నది ఆధార్ కార్డు మీది ఫోటో ఒకటే. అందులో ఆమె ఆమెలాగా లేదు. సర్వర్ తెరిచి పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా పెళ్లి తర్వాత పెళ్లి చూశాను. ఒకచోట పప్పు బకెట్ పట్టుకున్న చెయ్యి దొరికింది. ఇంకోచోట గోడ మీద నీడ దొరికింది. మొహం ఎక్కడా లేదు. నా పని అంత సాపుగా ఉంది.

మిగిలిన అసలు వీడియో ఒక్కటే, మామ బిడ్డ పెళ్లిది. అన్నిటికంటే ముందు తుడవాల్సింది అదే, ఎందుకో ప్రతిసారీ వాయిదా వేశాను. ఈసారి ఇచ్చోడ పని అయ్యాక తుడుద్దామనుకున్నాను. అందులో రెండో కెమెరాలో పెద్దవ్వ ఉంది. ఆకుపచ్చ గళ్ల చీర, గుప్పిట్లో తలంబ్రాల బియ్యం. కెమెరా వైపు సూటిగా చూస్తోంది. ఏడవడం లేదు, కోపంగా కూడా లేదు. ఏదో మనసులో రాసిపెట్టుకుంటున్నట్టు ఉంది. ఆమె భుజం మీద ఒక మగ కుడిచెయ్యి ఉంది. మణికట్టుకు కంకణం, వేలికి పగడపు ఉంగరం. ఆ చెయ్యి ఆమెను స్తంభం వెనక్కి నెడుతోంది.

చాలాసేపు చూశాను. తర్వాత మొదటిసారిగా నా పద్ధతి తిరగేశాను. అసలు వీడియో ఉంచి, మిక్సింగ్ చేసిన పెళ్లి తుడిచేశాను. పెన్‌డ్రైవ్ పాడయింది, పెళ్లి మళ్లీ ఎక్కించి ఇవ్వమని మరదలు ఎప్పటి నుంచో అడుగుతోంది. పాపం, ఆ పిల్ల తప్పేమీ లేదు. అయినా ఇకమీద ఆమె తన పెళ్లి చూసుకోవాలంటే మేనత్తతో కలిపే చూసుకోవాలి.

ఆ వీడియోలోంచి ఆ బొమ్మనే ఫోటోగా తీసి ఫ్లెక్సీకి పెట్టి మామకు వాట్సాప్‌లో పంపాను. వెంటనే ఫోన్ వచ్చింది. ఫోటో బాగుంది కానీ భుజం మీద చెయ్యి తీసెయ్ అన్నాడు.

"ఆమెను కొయ్యమంటె కోసిన మామా. చెయ్యిని కొయ్య."

మామ గొంతు తగ్గించి, "అందరు సూస్తరు రా" అన్నాడు.

"సూడాలె."

పెద్దకర్మ నాడు పొద్దున్నే టెంటు ముందు ఫ్లెక్సీ నేనే కట్టాను. భోజనానికి పోవాలంటే ఎవరైనా ఆమె ముందు నుంచే పోవాలి. పెళ్లిళ్లలో ఆమెను పక్కకు జరగమన్న వాళ్లంతా వచ్చారు. ఒక్కొక్కరే ఆగి చూశారు. వియ్యపురాలైతే దగ్గరికి పోయి ఉంగరం మీద వేలు పెట్టి, గా చెయ్యి ఎవలది అని అడిగింది. ఫ్లెక్సీ పక్కనే నిలబడ్డ మామ కుడిచెయ్యి తువ్వాల కింద పెట్టుకుని, వచ్చేవాళ్లకు ఎడమచేత్తోనే దండం పెడుతున్నాడు.