ముందుకాలు వెనక జానెడు

పందిని కోసేది నేనే. మా ఇళ్ళలో తుపాకి పట్టేది మగవాళ్ళే అయినా, దెబ్బ ఎక్కడ తగిలిందో చివరికి తెలిసేది కత్తి పట్టినదానికే. ఎవరు ఎంత గొప్పలు చెప్పుకున్నా చర్మం ఒలిచాక దాచడానికేమీ ఉండదు. పైగా నేను మొదటి నుంచీ అనుమానప్పక్షిని. చేపలవాడి తక్కెడ కింద చెయ్యి పెట్టి తడిమి చూస్తాను. ఒక డాక్టరు రాసిన మందు చీటీ పట్టుకుపోయి ఇంకో డాక్టరును అడుగుతాను. అనుమానించింది నిజమైన రోజులే గుర్తుంటాయి కాబట్టి, చాలాకాలం ఆ గుణాన్ని నేను తెలివి అనుకున్నాను.

మాది మలేషియాలో కువాలా సెలంగోర్ దగ్గర కొద్దిపాటి ఆయిల్ పామ్ తోట. లేత మొక్కలు నాటితే చాలు, అడవిపందులు వచ్చి మొవ్వులు పెరికి తినేసి పోతాయి. మా ఆయనకూ, పక్క తోటలో ఉండే మా తమ్ముడికీ చెరో లైసెన్సు తుపాకి ఉంది. పర్మిట్ తీసుకుని తెల్లారగానే ఇద్దరూ కలిసి వెళతారు. చుట్టూ మలాయ్ వాళ్ళ ఇళ్ళు, వాళ్ళకు పంది నిషిద్ధం. అందుకని కోత పని ఇంటి వెనకాల కాలువ పక్కన, రేకుల చాటున పెట్టుకుని, అయ్యాక నీళ్ళు కొట్టి శుభ్రంగా కడిగేస్తాను.

ఇద్దరికీ తుపాకి నేర్పింది మా అయ్య. ఎస్టేట్‌లో పందుల కాపలా కాసిన మనిషి. పంది పక్కకు తిరిగి నిలబడేదాకా ఆగాలి. ముందుకాలు వెనక, పొట్ట అంచుకు జానెడు పైన కొట్టాలి. గుండె, ఊపిరితిత్తులు అక్కడే ఉంటాయి, నాలుగడుగులు వేసి పడిపోతుంది. ఎదురుగా వచ్చేదాన్ని, పరిగెత్తేదాన్ని కొట్టకూడదు. దెబ్బ తిని పారిపోతే అది దొరికేదాకా ఇంటికి రాకూడదు. "ఆకలికొచ్చిన జీవంరా అది. సంపితే సంపండి, ఏడిపించి సంపకండి" అనేవాడు.

ఇంకో కట్టుబాటు కూడా పెట్టాడు. పొట్టలో కొట్టినవాడికి ఆ రోజు కూర లేదు. పేగులు పాతే గొయ్యి వాడే తవ్వాలి. పంపకం వేళ వాడి గిన్నె అందరి ముందూ ఖాళీగా వెనక్కి వెళ్ళాలి. అయ్య పోయాక ఆ పంపకం నా చేతికొచ్చింది. ఆయనకన్నా నేనే గట్టిగా చేశాను.

కిందటేడు వానలు తగ్గిన కొత్తలో ఒక పంది వచ్చింది. ఒలిచి చూస్తే రెండు దెబ్బలు. ఒకటి ముందుకాలు వెనక, అయ్య చెప్పిన చోటే. రెండోది పొట్టలో. సీసపు గుళ్ళు పేగులు చీల్చుకుని పోయాయి. ఆ పులిసిన కంపుకి ముక్కుకు కొంగు అడ్డం కట్టుకున్నాను.

"ఇదెవరిది?" అన్నాను.

మా ఆయన చెప్పులకంటిన బురద గీక్కుంటున్నాడు. తమ్ముడు తల దించుకుని, "నాదే అప్పా. సెయ్యి జారిపోయినాది" అన్నాడు.

చెయ్యి జారిందంటే నేనెందుకు నమ్ముతాను? వాడు ఒకప్పుడు తాగుబోతు. మూడేళ్ళ కిందట మానేశానన్నాడు. అందరూ నమ్మారు, నేను మాత్రం అప్పటికి తల ఊపి ఊరుకున్నాను. ఆ రోజు వాడి దగ్గరికెళ్ళి, "ఏదీ, నోరు తెరువు" అన్నాను. వాడు నవ్వబోయి, నా మొహం చూసి మానేసి, నోరు తెరిచి హా అని ఊదాడు. టీ వాసన తప్ప ఏమీ లేదు. ఏమీ లేకపోయేసరికి నా అనుమానం ఇంకా పెరిగింది. ఏదో నమిలి వచ్చి ఉంటాడనుకున్నాను.

గొయ్యి వాడి చేతే తవ్వించి, గిన్నె ఖాళీగా పంపాను.

రెండోసారీ అంతే. రెండు దెబ్బలు, పొట్టలోది నాదేనని తమ్ముడు. మూడోసారి పంది దెబ్బతో పారిపోయింది. తమ్ముడు దాని వెనకే పడి, మధ్యాహ్నానికి మోకాళ్ళ దాకా బురదతో, పిక్కలకు జలగలతో, చచ్చిన పందిని ఈడ్చుకుంటూ వచ్చాడు. చేసిన తప్పు దిద్దుకోవడానికి తిరిగాడులే అనుకున్నాను. మంచి దెబ్బ మా ఆయనదని, చెడ్డ దెబ్బ వాడిదని నా లెక్క ఎప్పుడో తేలిపోయింది.

ఆ తర్వాత నాకు మనశ్శాంతి లేదు. వాడి మోటార్‌సైకిల్ డబ్బా తీసి చూశాను. గుడ్డముక్కలు, తినేసిన బిస్కట్ కాగితం. వాళ్ళింటి చెత్తసంచి కర్రతో కెలికాను. వాడు ఎప్పుడు మా గుమ్మంలో కాలు పెట్టినా ముందు నోరు ఊదించేదాన్ని. ఒకసారి వాడి పెళ్ళాం ముందే ఊదించాను. ఆవిడ మొహం పక్కకు తిప్పుకుని లోపలికి వెళ్ళిపోయింది. తోడుదొంగలా ఈవిడే సీసాలు దాస్తోందేమో అనుకున్నాను.

వాడి లైసెన్సు గడువు దగ్గరపడింది. "తుపాకి అప్పగించీరా. నేకపోతే నానే స్టేషన్‌కెళ్ళి సెప్తాను, నీకు మళ్ళీ ఇవ్వొద్దని" అన్నాను.

"నీ ఇష్టం అప్పా" అన్నాడు వాడు. ఎదురు తిరిగి ఉంటే బాగుండేది.

"ఒదిలీయే. సాల్లే" అన్నాడు మా ఆయన, నా వైపు చూడకుండా. ఈయనా వాడితో కలిసి తాగుతున్నాడా అని ఆ పూట ఆయన చొక్కా కూడా వాసన చూశాను.

ఆ వారమే తమ్ముడు హుటాన్ మెలింటాంగ్ వెళ్ళాడు. వాడి బావమరిది పడవకు ఇంజను మార్చాలట, నాలుగు రోజుల పని. వాడు తిరిగొచ్చే రోజు పొద్దున్న మా ఆయన ఒక్కడే తోటలోకి వెళ్ళాడు. ఒక దెబ్బ వినిపించింది. పది దాటాక పందిని బండిలో వేసుకుని తోసుకుంటూ వచ్చాడు. అంతసేపెందుకని అడిగితే కాలవలో పడిందన్నాడు.

ఒలవడం మొదలుపెట్టాను. ముందుకాలు వెనక చర్మం చిల్లు లేకుండా ఉంది. తిప్పి రెండో పక్క చూశాను. అటూ లేదు. పొట్టలో మాత్రం అదే దెబ్బ, అదే కంపు. మాంసం నల్లబడిపోయింది, ప్రాణం చాలాసేపు కొట్టుకున్నాక పోయినట్టు. తమ్ముడు లేని రోజు లేకుండా పోయింది చెడ్డ దెబ్బ కాదు, మంచి దెబ్బ. కత్తి కింద పెట్టేశాను.

మా ఆయన మెట్టు మీద కూర్చుని ఫ్లాస్కులోంచి కాఫీ వంచుకుంటున్నాడు. సగం కప్పు పక్కన నేల మీద పోతోంది. ఆయన చూసుకోలేదు. అప్పుడు గుర్తొచ్చాయి, పేపరు పక్కకు తిప్పి చదవడం, బండి తోలమంటే తమ్ముడికిమ్మనడం. చెత్తసంచులు కెలికిన నా కళ్ళకి ఇంట్లో మనిషి కన్ను కనబడలేదు.

"ఆడు ఊరెల్లినాడు కదా. మరి ఇదెవరు కొట్టినారు?"

"నానే."

"ముందరి మూడూ?"

ఆయన కప్పు కింద పెట్టాడు. "నానే. ఏడాదై కుడికన్నులో పొగ కమ్మినట్టుంటాది. గురి ఒకచోట, దెబ్బ ఒకచోట. నాను పొట్టలో కొడితే, అది పరిగెత్తిపోతే, ఎనకాల పోయి ముందుకాలి కాడ కొట్టింది ఆడు."

"మరి నాదే అని ఎందుకన్నాడు?"

"ఆడు తాగి రోడ్డు మీద పడిపోయిన రోజులు నాను ఎవరికీ సెప్పనేదు. నీకూ సెప్పనేదు. అది మనసులో ఎట్టుకున్నాడు. నీకు తెలిస్తే తుపాకి ముట్టనివ్వవని నానూ నోరు మూసుకున్నాను."

ఆయన మీద నాకు ఒళ్ళు మండిపోయింది. తన కన్ను సంగతి దాచడానికి మూడు జీవాలను ఏడిపించాడు, నాలుగోది అప్పుడే నా చేతుల కింద ఉంది. కానీ ఎంత తిట్టినా సగం నాకే తగులుతోంది. పార తెచ్చి ఆయన చేతికిచ్చాను. తీసుకుని గొయ్యి తవ్వడం మొదలుపెట్టాడు. కన్ను చూపించుకునేదాకా తుపాకి తీయనన్నాడు. సరేనన్నాను, కానీ గిన్నె మాత్రం ఖాళీగానే బోర్లించాను.

సాయంత్రం తమ్ముడు ఎండుచేపల మూట పట్టుకుని వచ్చాడు. గోతిలోకి మట్టి లాగుతున్న బావని చూశాడు. బోర్లించిన గిన్నె చూశాడు. వాడికి అర్థమైంది. కదలకుండా హెల్మెట్ చేత్తో పట్టుకుని నిలబడ్డాడు.

బాగున్నంత మాంసం ఏరి వాడి గిన్నె నింపి ఉంచాను. అది పట్టుకుని వాడి దగ్గరికి నడిచాను. తప్పైపోయింది తమ్ముడూ అందామని దారి పొడుగునా కూడగట్టుకున్నాను. పెదవి కదిపేలోపే వాడు హెల్మెట్ కింద పెట్టి, నా ఎత్తుకు వంగి, అలవాటు కొద్దీ నోరు తెరిచి హా అని ఊదాడు.

టీ వాసనే వచ్చింది.