ఒప్పుకుంటేగానీ తాగని కాఫీ

కరక్ కొండల్లో పైపులు వేసేవాళ్లు చాలామందే ఉన్నారు గానీ, ముత్లక్‌లా తన పనిని తానే మళ్లీ మళ్లీ వచ్చి చూసుకునే పిచ్చివాడు ఇంకొకడు లేడు. తాను పనిచేసిన బడి పక్కగా వెళ్తే ఆగి, తేమ ఉందేమోనని గోడ తడిమి చూస్తాడు. ఆ పనుల్లో ఒక్కటీ అతని పేరు మీద లేదు. పెద్ద కాంట్రాక్టర్లు అతని ధర చూపించి ప్రభుత్వ టెండర్లు గెలిచేవారు. గెలిచాక అంతకంటే తక్కువకు చేసేవాణ్ణి వెతుక్కుని ఇతనికి మొండిచెయ్యి చూపేవారు. సిగ్గులేకుండా అదే పనికి మళ్లీ కూలికి పిలిచేవారు.

అందుకే కొత్త నిబంధన వచ్చిన రోజు అతను వీధంతా కునాఫా మిఠాయి పంచాడు. చిన్న కాంట్రాక్టరు పేరు టెండరులోనే రాయాలి. అతనే స్వయంగా సంతకం పెట్టి తప్పుకుంటే తప్ప ఆ పేరు మార్చకూడదు. ఆ తర్వాత ఆస్పత్రి టెండరు గెలిచిన పెద్ద కాంట్రాక్టరు నవ్వాఫ్ కాగితాల్లో పైపుల పని ముత్లక్ పేరు మీదే ఉంది.

"ఇక వాడు నన్నేం పీకలేడు," అన్నాడు భార్య ఫిద్దాతో.

కొడుకు పేరు కలిపి అందరూ పిలిచినట్టే ఆమె కూడా పిలుస్తుంది. "మరీ ఎగిరిపడకు, అబూ సైఫ్. నవ్వాఫ్ సంగతి నీకు తెలీదా?"

నవ్వాఫ్ బెదిరించలేదు. శుక్రవారం నమాజు అయ్యాక ఊరి పెద్దల్ని వెంటబెట్టుకుని నేరుగా ముత్లక్ ఇంటికే వచ్చాడు. ముందు నడిచింది ఎవరనుకున్నారు? హాజీ ఇవాద్, ముత్లక్ మేనమామ. తండ్రి పోయాక అతన్ని పెంచి పెద్దచేసినవాడు.

ముత్లక్ కాఫీ పోసి ఇచ్చాడు. హాజీ ఇవాద్ కప్పు అందుకుని, పెదవికి తాకించకుండా నేల మీద పెట్టాడు. తక్కినవాళ్లూ అలాగే పెట్టారు. ఏదైనా కోరి వచ్చినవాళ్లు, అడిగింది ఇస్తానంటేనే తాగడం అక్కడి ఆచారం. తాగకుండా లేచిపోతే ఆ ఇంటివాళ్లు ఇక ఊళ్లో తలెత్తుకోలేరు.

"ముందు తాగండి మావయ్యా, తర్వాత మాట్లాడుకుందాం."

"కాఫీ ఎక్కడికి పోతుందిరా? నవ్వాఫ్ మీద నీకేదో పట్టింపు ఉందట. వదిలెయ్. ఆ సంతకమేదో పెట్టేస్తే పీడా పోతుంది."

"పట్టింపు కాదు మావయ్యా. నా పేరు మీద వచ్చిన మొదటి పని అది."

"పనులదేముంది, బోలెడొస్తాయి. మేమంతా మళ్లీ నీ గుమ్మం తొక్కుతామా?"

నవ్వాఫ్ కొత్త పెళ్లికొడుకంత వినయంగా తల వంచుకు కూర్చున్నాడు. వాడి గొంతు పట్టుకోవాలనిపించింది ముత్లక్‌కి. ఆ వెంటనే ఏడుపూ వచ్చింది. నిబంధన రాసినవాళ్లు అన్నీ ఆలోచించారు, పెంచినవాడి ముందు చల్లారిపోతున్న కాఫీ గురించి తప్ప.

"తాగండి మావయ్యా," అన్నాడు చివరికి. "మీరడిగింది ఇచ్చాను."

అందరూ తాగారు. నవ్వాఫ్ రెండో కప్పు కూడా అడిగాడు.

ఆ సంతకం ప్రభుత్వ ఆఫీసులో, ఇంజనీరు ఎదుటే పెట్టాలి. అక్కడి ఇంజనీరమ్మ మంచిది. నవ్వాఫ్‌ని బయటికి పంపి తలుపు మూసింది.

"అబూ సైఫ్, నిజం చెప్పండి. మిమ్మల్నెవరైనా బలవంతపెట్టారా? ఒక్క పేరు చెప్పండి చాలు, ఈ కాగితం ఇక్కడే చింపేస్తాను."

ముత్లక్ నోరు తెరిచాడు. చెబితే విచారణకు వచ్చేవాళ్లు ముందుగా తట్టేది హాజీ ఇవాద్ తలుపే.

"ఎవరూ లేరమ్మా. ఇంటికొచ్చి ఎంతో గౌరవించారు," అని సంతకం పెట్టాడు.