ఎత్తబడటం కాదు, లేచిపోవడం

మంగళవారం పొద్దున ఆఫీస్ పార్కింగ్‌లో ఉండగా నా భార్య ఫోన్ చేసి, క్వయర్ ఆంటీ పోయారని చెప్పింది. దుఃఖం కంటే ముందు నాకు భయం వేసింది. శనివారం సమాధి కూడికలో ఆమె పాట నేనే ఎత్తుకోవాలి, అందులో ఒక్క మాట కూడా మారకుండా చూడాలి. మూడు వారాల క్రితం హాస్పిటల్లో అలా మాట తీసుకున్నారు, అదీ దేవుణ్ణి నమ్మని నా దగ్గర.

డెట్రాయిట్ పక్కన ట్రాయ్ ఊళ్ళోని మా తెలుగు చర్చిలో ఆంటీ చాలా ఏళ్ళు పాటలు నేర్పారు. డెట్రాయిట్‌లో నర్సుగా పనిచేసిన రోజుల్లో తోటి నల్లజాతి నర్సుల దగ్గర గాస్పెల్, అంటే వాళ్ళ చర్చి పాటలు, నేర్చుకున్నారు. అమెరికా పల్లెల కంట్రీ పాటలేమో కార్ రేడియో నేర్పింది. రెండింట్లోనూ ఆమెకు నచ్చింది ఒకటే: పోయినవాడు ఇంటికి తిరిగి రావడం, పడినవాడు మళ్ళీ లేవడం.

భార్యను ప్రాక్టీస్‌కు దింపి, వెనక బెంచీలో కూర్చుని పత్రికలకు వ్యాసాలు రాసుకునేవాణ్ణి. ఒకనాడు మగ గొంతులు తక్కువయ్యాయని ఆంటీ నన్ను లాక్కెళ్ళారు. నాకు నమ్మకం లేదన్నాను.

"నమ్మకం సంగతి దేవుడు చూసుకుంటాడు అబ్బాయ్, నువ్వు శ్రుతి చూసుకో" అన్నారు.

నేను ఊరుకునే రకం కాదు. ఈ పాటలు మనిషిని చేతులు కట్టుకు కూర్చోబెడతాయని ప్రతివారం వాదించేవాణ్ణి. వీసా మీద ఉంటూ లేఆఫ్ అయి, అరవై రోజుల్లో ఇంకో ఉద్యోగం దొరక్కపోతే దేశం వదలాల్సినవాళ్ళు మా వరసలోనే నిలబడి పాడుతున్నారు. వాళ్ళకు కావాల్సింది హక్కులు గానీ, చచ్చాక లేవడం కాదనేవాణ్ణి. ఇప్పటికీ అదే అంటాను. ఆంటీ ఫ్లాస్కులోని శొంఠినీళ్ళు మూతలో పోసి నా చేతికిచ్చేవారు, అరిచి గొంతు పాడుచేసుకోవద్దని.

ఆ రెండు రకాల పాటలూ కలిపి తెలుగులో తనే ఒకటి కట్టారు. అందులో ఒక చరణం ఇది:

మట్టి దులుపుకు లేచిపోతా
మా ఇంటికి నే నడిచిపోతా

మొదటిసారి పాడించినప్పుడు ఆడవాళ్ళ వరస మొత్తం పుస్తకాల వెనక దాక్కుంది. డెబ్భై ఏళ్ళావిడ లేచిపోతానంటోంది మరి. ఎవరితో ఆంటీ, అని నా భార్య అడగనే అడిగింది. యేసయ్యతోనే, నీకేం నష్టమని ఆవిడా నవ్వారు. పాస్టర్‌గారు మాత్రం నవ్వలేదు. దేవుడు పరలోకానికి ఎత్తుకోవడానికి చర్చిలో వాడే మాట పెట్టి, 'ఎత్తబడుదును' అని మార్చమన్నారు.

ఆంటీ మార్చలేదు. "ఎత్తబడాలంటే ఎవరో వచ్చి ఎత్తాలి. నేను నా కాళ్ళ మీద లేస్తానండీ" అన్నారు.

పాటలు మనిషిని కూర్చోబెడతాయన్న నా ఏళ్ళనాటి వాదనను ఆ ఒక్క క్రియాపదం పడగొట్టింది. వ్యాసం రాసేవాడికి అంతకంటే అవమానం ఉండదు, అంతకంటే ఉపకారమూ ఉండదు.

గురువారం పాస్టర్‌గారు ఫోన్ చేశారు. "బ్రదర్, పెట్టె ముందర నిలబడి ఆ తల్లి లేచిపోయిందని పాడతామా?" అన్నారు. బతికుండగా ఆమే పాడుకున్నారని చెప్పాను. పావుగంట వాదించుకున్నాం. చివరికి, సంఘం నవ్వితే బాధ్యత మీదేనన్నారు. ఫోన్ పెట్టేశాక పాట కాగితం తీసి ఆ చరణం మళ్ళీ చదివాను. ఆయన మాటా నిజమే. ఆమె పిల్లల ఎదుట జనం పకపకా నవ్వితే? లేక నా గొంతే సరిగ్గా అక్కడ ఆగిపోతే? వందలమందిని తిట్టి వ్యాసాలు రాసినవాణ్ణి, ఒక్క మాట కోసం రెండు రోజులు అన్నం తినలేదు.

శనివారం పాట ఎత్తుకున్నాను. శ్రుతి ఒక మెట్టు ఎక్కువే పట్టాను, భయం వల్ల. చరణం వచ్చింది. ఆమె కట్టినట్టే పాడాను. ముందు వరసలో ఆమె కూతురు ఫక్కున నవ్వి, వెంటనే ఏడ్చేసింది. వెనక ఇంకెవరో నవ్వారు. అంతలో పాస్టర్‌గారితో సహా అందరూ తర్వాతి పాదం అందుకోవడానికి గాలి పీల్చారు. నల్ల కోట్లలోని భుజాలన్నీ ఒక్కసారిగా పైకి లేచాయి.