ఆ పేరుకు పలికిన డిసెంబరు

మొన్న ఆదివారం మధ్యాహ్నం మా కోడలు ముందు గదిలో చాప పరిచి, బజారు నుంచి తెచ్చిన సామానంతా దాని మీద కుమ్మరించింది. రంగు కాగితాలు, దూది చుట్ట, చమ్కీ పొట్లాలు, జిగురు సీసా, అట్టముక్కలు, పురికొస. ఆమె పాఠాలు చెప్పే బడిలో క్రిస్మస్‌కి హాలు అలంకరించే పని ఈసారి ఆమె మీద పడింది. కొనుక్కొచ్చి వేలాడదీయడం కాదట, ఇంట్లోనే చవకగా, పాతకాలం తీరులో చెయ్యాలట. ఫోనులో ఎవరో తెల్లపిల్ల వీడియో పెట్టి నాకు చూపించింది. "దీన్ని వింటేజ్ అంటరు అత్తమ్మా. ఇప్పుడు గిదే ఫ్యాషన్" అంది. ఆ పిల్ల మాడిపోయిన బల్బుకి జిగురు రాసి, చమ్కీ అద్ది, దారం కట్టి వేలాడదీస్తోంది. ఏమీ లేక చేసుకున్న పనికి ఇంత షోకైన పేరు ఉంటుందని మాకు అప్పుడు తెలియదు. నవ్వుకుంటూ పక్కన కూర్చుని ఊరికే ఒక కాగితం చేతిలోకి తీసుకున్నాను. ఓపెన్‌కాస్టు బొగ్గుగనిలో బ్లాస్టింగు జరిగి కిటికీ అద్దాలు రోజూలాగే గలగలమన్నాయి. అవి సద్దుమణిగేసరికి నా చేతిలో ఎనిమిది కోణాల నక్షత్రం ఉంది. ఎప్పుడు మడిచానో నాకే తెలియదు. నలభై ఏళ్లకు పైగా ఆ మడత మడవలేదు నేను.

"ఎవలు నేర్పిన్రు అత్తమ్మా?" అంది కోడలు. "పక్క క్వార్టర్ల ఒకామె ఉండె" అన్నాను. అబద్ధమేమీ కాదు. అయితే అంతే అని కూడా కాదు.

అప్పుడు మేము గోదావరిఖనిలోనే కంపెనీ క్వార్టర్లలో ఉండేవాళ్లం. రెండు గదులు, ముందు చిన్న వరండా, ఇంటికీ ఇంటికీ నడుమ ముందు నుంచి వెనకదాకా నడుమెత్తు గోడ. ఆ గోడ మీదుగా కూరగిన్నెలు, చేటలు, కబుర్లు, కొట్లాటలు అన్నీ దాటేవి. మా బాపు బాయిలో, అంటే గనిలో, బొగ్గు నింపేవాడు. మేము నలుగురం ఆడపిల్లలం, నేను మూడోదాన్ని. మొదటిదాని మీద ముచ్చట, రెండోదాని మీద పని, ఆఖరిదాని మీద గారాబం పోగా మూడోదానికి మిగిలేది పాత లంగాలే. అమ్మ నన్ను పిలవాలంటే మిగతా ముగ్గురి పేర్లూ దాటుకుని నా పేరు దగ్గరికి రావాలి. ఒక్కోసారి మధ్యలోనే విసుగొచ్చి, "ఓ పిల్లా, నిన్నే!" అనేది. ఇంటర్లో ఇంగ్లీషు తప్పి ఇంట్లో కూర్చున్న ఏడాది అది. పద్దెనిమిది నిండాయి. సంబంధాలు మా పెద్దక్కలను దాటి నాదాకా ఇంకా రాలేదు.

పక్క క్వార్టర్‌లో ఉన్న భార్యాభర్తలు గుంటూరు వైపు నుంచి వచ్చిన క్రైస్తవులు. ఆయన ఎలక్ట్రికల్ ఫోర్‌మన్. మమ్మల్ని పిన్నీ, బాబాయీ అని పిలవమనేవాళ్లు. మాకు తెలిసింది చిన్నమ్మ, కాక. పిన్ని అనేది సినిమాల్లో వినే మాట. కాబట్టి ఆమెను పిలిచినప్పుడల్లా మా చెల్లె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వేది. వాళ్లకు ఒక్కతే కూతురు, నా ఈడుదే. గుంటూరు వైపే హాస్టల్లో ఉండి చదువుకునేది, సెలవులకు మాత్రం వచ్చేది. రెండు జడలు, చేతికి గడియారం, చంకలో ఎప్పుడూ ఒక పుస్తకం. మేమిద్దరం స్నేహితులం కాలేదు. గోడకు అటు నుంచి ఆమె నవ్వేది, ఇటు నుంచి నేను నవ్వేదాన్ని. నా నవ్వులో కొంచెం కుళ్లు ఉండేదని ఇప్పుడు ఒప్పుకోవడానికి సిగ్గేమీ లేదు. ఆ ఏడు వానాకాలంలో టెలిగ్రాం వచ్చింది. కామెర్లు. ఇద్దరూ పరుగెత్తుకుపోయారు, ఇరవై రోజుల తరువాత ఇద్దరే తిరిగొచ్చారు. పిల్లను వాళ్ల సొంతూరిలోనే సమాధి చేశారట. మా క్వార్టర్ల వరుసలో ఎవరమూ ఆ చావును చూడలేదు. ఏడుపు వినలేదు. పిన్ని మామూలుగానే నీళ్లు పట్టుకునేది, బియ్యం ఏరుకునేది. దానితో మాకు ఆ అమ్మాయి పోయినట్టు ఉండేది కాదు. ఇంకా సెలవులు ఇవ్వనట్టు ఉండేది.

డిసెంబరు మొదట్లో ఒక మధ్యాహ్నం పిన్ని గోడ దగ్గరికి వచ్చింది. "కాస్త ఈ దారం కొస పట్టుకుంటావా అమ్మా? రెండు చేతులతో కావట్లేదు" అంది. దారం కొస పట్టుకోవడానికి వెళ్లినదాన్ని, మూడు వారాలు ఆ ఇంటినే పట్టుకుని ఉన్నాను.

ఆ ఏడు పండగ వద్దన్నాడట బాబాయి. ఆమె విన్నట్టే ఊఁకొట్టి, ఆయన డ్యూటీకి పోగానే అలంకరణల గంపలు దించేది, ఆయన వచ్చేలోపే అన్నీ వెనక వైపు సర్ది నన్ను పంపేది. కొన్నది ఏమంత లేదు, నాలుగు దస్తాల రంగు కాగితం, చమ్కీ, అంతే. మిగతావన్నీ ఇంట్లోవీ, వీధిలోవీ. మైదాపిండి ఉడికించి, పురుగు పట్టకుండా కాస్త మైలుతుత్తం కలిపిన జిగురు. చాయ్‌పత్తా ప్యాకెట్ల లోపలి వెండికాగితం. వరుసలో ఇల్లిల్లూ తిరిగి నేను అడుక్కొచ్చిన మాడిన బల్బులు. కోడిగుడ్డుకు రెండు కొసలా సూదితో బెజ్జం పెట్టి, ఒక వైపు నుంచి ఊదితే సొనంతా గిన్నెలోకి జారేది. ఖాళీ పెంకుకు రంగు వేసి దారం గుచ్చేవాళ్లం. సొనతో రోజూ అట్టు. గుడ్డు అట్టు అంత వరసగా తిన్న డిసెంబరు నా జన్మలో మళ్లీ లేదు. వాళ్ల వైపు సరుగుడు కొమ్మతో చెట్టు పెడతారట. ఇక్కడ సరుగుడు ఎక్కడ దొరుకుతుంది! ఎండిన తుమ్మకొమ్మ ఒకటి తెచ్చి డబ్బాలో నిలబెట్టి, ముల్లు ముల్లుకూ దూది గుచ్చాం. అది మంచు అట. మంచు ఆమే చూడలేదు, నేనూ చూడలేదు. రెండో రోజుకే బొగ్గుపొడి పడి ఆ మంచు బూడిదరంగుకు తిరిగింది. "మన ఊరి మంచు ఇంతేలే" అని ఆమె నవ్వింది. వానాకాలం తరువాత ఆమె నవ్వగా చూడటం అదే మొదటిసారి.

నాలుగో రోజో, ఐదో రోజో, ఎనిమిది కోణాల నక్షత్రం నేర్పుతూ, "అలా కాదే, వేలు లోపలికి పెట్టి మడువు" అంటూ మధ్యలో ఆ అమ్మాయి పేరు పెట్టి పిలిచింది. ఆ పేరు ఇక్కడ రాయను. పిలిచాక ఆమె చేతిలో కత్తెర ఆగిపోయింది. నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నేను విననట్టు వేలు లోపలికి పెట్టి మడిచాను. మర్నాడు మళ్లీ పిలిచింది. ఈసారి కత్తెర ఆగలేదు. నేను "ఊఁ" అన్నాను. ఆ తరువాత ఇక ఆ ఇంట్లో నాకు ఇంకో పేరు లేదు.

నేను చిన్నపిల్లనేం కాదు, నాకు అంతా తెలుసు. ఆమెను సముదాయించడానికే పలికానని చాలా ఏళ్లు నాకు నేను చెప్పుకున్నాను. అసలు సంగతి వేరు. ఆ ఇంట్లో ముగ్గురిని దాటి ఎవరూ నా దగ్గరికి రానక్కరలేదు. ఉన్నది ఒక్కటే పేరు, అది పిలిచేది నన్నే. నాకోసం పక్కన పెట్టిన గుడ్డు అట్టు, నా తలకే పట్టించిన కొబ్బరినూనె, నేను కూర్చునే చోట పరిచిన దుప్పటి. ఎవరిదో అయిన ఆ మురిపెం రుచి నాకు తగిలింది. ఒక్కోసారి ఆమె తల దువ్వుతూ, "హాస్టల్లో నీళ్లు కాచుకుని తాగుతున్నావా?" అని అడిగేది. "తాగుతున్న" అనేదాన్ని. అప్పుడు మాత్రం నా వీపు మీద ఎవరో చల్లటి అరచెయ్యి ఆనించినట్టు ఉండేది. తలుపు వైపు చూసేదాన్ని. అక్కడ ఎవరూ ఉండేవారు కాదు.

వరుసలో గుసగుసలు లేచాయి. ఒక పొద్దున అమ్మ నన్ను వంటింట్లో నిలబెట్టింది. "గామె బిడ్డ సచ్చి ఆర్నెల్లు గాలె. నిన్ను ఆ పిల్ల పేరు వెట్టి పిలుస్తుందట గద?"

"మరిసిపోయి పిలుస్తది అమ్మా. నేనేం జెయ్యాలె?"

"నేను గాదు పిన్నీ అని చెప్పాలె. నీ నోట్లె నాలుక లేదా? సచ్చినోళ్ల పేరుకు పలుకద్దే. పలికితే ఆ పేరు పట్టుకుంటది."

నాలుక ఉంది. ఆ రోజూ చెప్పలేదు.

పండగకు ముందురోజు మధ్యాహ్నం పిన్ని ఇనప్పెట్టె తెరిచి చిలకపచ్చ పరికిణీ, తెల్ల ఓణీ తీసింది. "జూన్‌లోనే కొని పెట్టాను. వేసుకో. ఒక్కసారి" అంది. అప్పుడు ఆమె నన్ను ఏ పేరుతోనూ పిలవలేదు. ఆమెకూ అంతా తెలుసునని నాకు ఆ క్షణాన అర్థమైంది. అది మరుపు కాదు. కావాలని నడిచి వెళ్లిన చోటు. అక్కడికి ఒక్కతే పోలేక నా చెయ్యి పట్టుకుంది. వద్దనవలసింది. వేసుకున్నాను. కొంచెం పొడవైతే కూర్చుని అంచు మడిచి కుట్టింది. రెండు జడలు వేసి రిబ్బన్లు కట్టింది.

సాయంత్రం వెలుగు తగ్గుతుండగా వరండాలో పీట వేసుకుని పెద్ద నక్షత్రం కట్టడానికి ఎక్కాను. వెదురు బద్దలకు ఎర్ర పతంగి కాగితం అంటించి, లోపల బల్బు పెట్టిన నక్షత్రం అది. నా వీపు రోడ్డు వైపు ఉంది. జనరల్ షిఫ్టు వదిలారు. బాబాయి సైకిలు గేటు దగ్గర ఆగిన చప్పుడు విన్నాను. తరువాత సైకిలు పడిపోయిన చప్పుడు. తరువాత ఆ పేరు. ఒక మనిషి గొంతులోంచి అలాంటి పిలుపు వస్తుందని నేనెరగను. బాయిలో కూరుకుపోయినవాడు వెలుతురు కనబడితే అలా అరుస్తాడేమో. మూడు వారాల అలవాటు నా కన్నా ముందు పలికింది. "వస్తున్న నాన్నా" అన్నాను.

మా ఇంట్లో బాపు అంటాం. నాన్నా అన్న మాట నా నోట అదే మొదలు, అదే చివర. ఆ అమ్మాయి అయితే "వస్తున్నాను" అని నిండుగా అనేది. ఆ ఒక్క తేడా ఆయనకు అందింది. నేను తిరిగి చూసేసరికి ఆయన గేటు పట్టుకుని నిలబడి ఉన్నాడు. మొహంలో ఏదో వెలిగి ఆరిపోతుండటం నేను కళ్లారా చూశాను. ఆర్పింది నేను.

తిడతాడనుకున్నాను. ఆయన మెల్లగా వచ్చి పీట కదలకుండా పట్టుకున్నాడు. "దిగమ్మా. పడతావు" అన్నాడు. నేను దిగాక మెట్టు మీద కూర్చుండిపోయి, గుమ్మంలో నిలబడ్డ భార్య వైపు చూశాడు. "ఎవరి పిల్లనో తెచ్చి మన పిల్ల చోట కూర్చోబెట్టావు. మరి మన పిల్ల ఎక్కడ కూర్చుంటుందే?" అన్నాడు.

పిన్ని గుమ్మంలోనే కూలబడింది. వానాకాలం నుంచి మా వరుస వినని ఏడుపు ఆ సాయంత్రం విన్నది. అమ్మ గేటు దాకా కూడా పోలేదు, చీర ఎగదోపి గోడ దాటి వచ్చింది. నన్ను కొడుతుందనుకుని వెనక్కి జరిగాను. నన్ను దాటిపోయి పిన్ని తల ఒళ్లోకి తీసుకుంది. "ఏడువు అక్కా, ఏడువు. గిన్నొద్దులు బిగవట్టినవు" అంది. చాలాసేపటికి నా వైపు చూసి, "ఇంటికి వో. బట్టలు మార్చుకో" అంది. అంతే అంది. ఇంటికొచ్చాక ఉప్పు, ఎండుమిరపకాయలతో దిష్టి తీసింది. పొయ్యిలో వేస్తే మిరపకాయల ఘాటు రాలేదని ఇంకో పిడికెడు వేసింది. ఆ ఘాటుకు ఆరుగురం దగ్గుకుంటూ వాకిట్లోకి పరుగెత్తాం. ఆ వారమంతా అమ్మ నన్ను పిలిస్తే ముందు నా పేరే వచ్చింది. తరువాత మళ్లీ మామూలే.

పరికిణీ ఉతికి, మడతపెట్టి, మర్నాడు అమ్మే తీసుకుపోయి ఇచ్చింది. మమ్మల్ని నలుగురినీ వెంట తీసుకుపోయింది. ఆ ఇంటి గోడ మీద అప్పటిదాకా లేని ఫొటో ఒకటి ఉంది. రెండు జడలు, చేతికి గడియారం. బాబాయి పొద్దున్నే మేకు కొట్టాడట. తుమ్మకొమ్మ మీది గుడ్డుపెంకులు, చమ్కీ బల్బులు గాలికి తగులుకుని చిన్నగా చప్పుడు చేస్తున్నాయి. మా వరుసవాళ్లు ఒక్కొక్కరే వచ్చి ఆ ఫొటో ముందు నిలబడి, ఇన్ని నెలలు ఆలస్యంగా కళ్లు తుడుచుకుని పోయారు.

ఎండాకాలంలో బాబాయికి గోలేటికి బదిలీ అయింది. సామాను లారీకెక్కాక పిన్ని గోడ దగ్గర నిలబడి నన్ను పిలిచింది. నా పేరుతో, నా సొంత పేరుతో. ఎవరినో పిలుస్తోందనుకుని వెనక్కి తిరిగి చూశాను. నన్నేనని తెలియడానికి కాస్తంత సేపు పట్టింది. ఆ కాస్తంత సేపే ఇప్పటికీ నన్ను వదల్లేదు.

చాలా ఏళ్లకు మందమర్రి బజారులో ఒకసారి కనబడింది. తల నెరిసింది, బాబాయి పోయాడంది. చర్చిలో పిల్లలకు కాగితం పూలు నేర్పుతోందట. నా పిల్లలెందరని అడిగింది. ఆ డిసెంబరు మాట ఆమె ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. తరువాత మనవరాలు పుట్టినప్పుడు పేర్ల జాబితాలో ఎవరో ఆ పేరు చెప్పారు. "అది వద్దు" అన్నాను. ఎందుకని అందరూ అడిగారు. నా నోట్లో నాలుక ఉంది, మాట మాత్రం లేదు.

ఆ అమ్మాయికి ఇప్పటికీ పద్దెనిమిదే. నాకు అరవై దాటాయి. ఆమె చూడవలసిన ఏళ్లన్నీ నేను చూశాను, పెళ్లి, పిల్లలు, నెరిసిన జుట్టు. అయితే అవన్నీ నేనొక్కదాన్నే చూశానని మాత్రం చెప్పలేను.