చప్పుడు చెయ్యని ఫ్యాను

చంద్రమౌళికి కంప్యూటరు మూత విప్పడమంటే రోత. ఇరవై రెండేళ్లుగా పలాసలో ఆ రిపేర్ల మీదే బతుకుతున్నాడు, అది వేరే సంగతి. విప్పితే ఏముంటుంది? ప్రాసెసరు మీది ఫ్యాను నిండా జీడిపప్పు పొట్టు, జీడిగింజలు కాల్చే బట్టీల జిడ్డు మసి, అందులో బొద్దింకల సంసారం. ముక్కుకి తువ్వాలు చుట్టుకుని, "ఛీ ఛీ, మనుసులేనా ఈళ్లు!" అని తిట్టుకుంటూ బ్రష్షు పట్టుకుంటాడు. ఆయన గర్వమంతా తన చెవి మీదే. మూత తియ్యకుండా, చప్పుడు విని జబ్బు చెప్పేస్తాడు మహానుభావుడు.

మొన్న పుష్యమాసంలో ఉద్దానం కొబ్బరితోటల్లోంచి ప్రమోదిని వచ్చింది. ఇంట్లోనే కూర్చుని ఫోన్లో కస్టమర్లతో మాట్లాడే ఉద్యోగమట. శుక్రవారం పొద్దున్న ఏడింటికి ఆన్‌లైన్లో పరీక్ష. వెనకాల చప్పుడు వినబడినా, మధ్యలో లైను తెగినా ఉద్యోగం రాదు.

"కంప్యూటర్లో ఫ్యాను పిండిమరనాగ అరుత్తంది బాబాయ్, ఏటో ఒకటి సెయ్యి" అంది.

గురువారం సాయంత్రం చంద్రమౌళి ప్రాసెసరు మీద బిగించే కొత్త ఫ్యాను కూలరు పట్టుకుని వాళ్లింటికి వెళ్లాడు. జానెడు ఎత్తు, రాగి గొట్టాలు. రెండూ పోల్చి చూశాకే అమ్మడం ఆయన పద్ధతి. ముందు పాతదాన్ని తుడిచి, ఆన్ చేసి, చెవి ఒగ్గాడు. చప్పుడే లేదు! కొత్తది బిగించి చూశాడు. వేడి పది డిగ్రీలు తగ్గింది గానీ చప్పుడులో తేడా ఏమీ లేదు. పాతదాని దగ్గర కొబ్బరినూనె వాసన కొట్టింది. ఆ ఇంట్లో తలుపు గడియ కూడా అదే వాసన, అందుకని పట్టించుకోలేదు.

"నా సెయ్యి పడ్డాక ఇంక తిరుగేటమ్మా! కొత్తది దండగ" అని పాతదే బిగించేశాడు. గుమ్మంలో ప్రమోదిని తండ్రి జగదీశ్వరరావు మీసాల్లో నవ్వుకున్నాడు.

పొద్దున్న ఏడుంబావుకి ఫోను. "కంప్యూటరు యేడెక్కి రెండుసార్లు ఆగిపోనాది బాబాయ్. ఇంక అవకాశం నేదన్నారు."

మంచులో బండి మీద పరిగెత్తి, మూత విప్పి, ఫ్యాను రెక్కని వేలితో నెట్టాడు. కదిలితేనా! ఇరుసు చుట్టూ తెల్లగా, వెన్నలా పేరుకుపోయి ఉంది.

"నానే యేసాను, నిన్న మద్దేనం" అన్నాడు జగదీశ్వరరావు. "కుట్టుమిషనుకీ అదే యేత్తాం. సప్పుడు పోనాది గదా!"

"సలికి కొబ్బరినూనె గడ్డ కడతాదని ఎరగవా! ఉద్దానపోడివేనా నువ్వు?" అని చంద్రమౌళి ఇంటికప్పు ఎగిరేలా అరిచాడు. అరిచాక గుర్తొచ్చింది. ఆయనా ఉద్దానం వాడే. పైగా నిన్న వాసన కూడా చూశాడు.

ప్రమోదిని హెడ్‌సెట్టు ఇంకా మెడలోనే ఉంది. "సప్పుడు మాత్రం అస్సలు నేదు బాబాయ్. అదొక్కటీ బాగుందన్నారు ఆళ్లు" అంది మెల్లగా.

వేలికంటిన జిడ్డుని తువ్వాలుకేసి ఎంత రుద్దినా వదల్లేదు. ఇరవై రెండేళ్లలో ఏ బొద్దింకని చూసినా చంద్రమౌళికి అంత రోత పుట్టలేదు, ఆ పొద్దున్న తన చెవి మీద పుట్టినంత.