బొడిపె లేని బాతు

నా పరువు ఒకసారి పోయింది. దొంగలెవరూ ఎత్తుకుపోలేదు. నేనే దాన్ని కవర్లో పెట్టి, తెనాలి నుంచి బాపట్ల దాకా రైల్లో మోసుకెళ్ళి, నలుగురిలో స్వహస్తాలతో అప్పగించి వచ్చాను. ఆ వైనం చెబుతాను, వినండి. నవ్వడానికి మొహమాటపడకండి; మా ఇంట్లో ఎవరూ పడలేదు.

ఎనభైల్లో మేమొక ఐదారుగురం పిట్టల పిచ్చివాళ్ళం. నాది రేపల్లె. మాకు పెద్దదిక్కు బాపట్లలో జంతుశాస్త్రం చెప్పే దానియేలు మాస్టారు. మేం చూసిన పిట్టల్ని మా పేర్లతో సహా ఎక్కించే పుస్తకమొకటి ఆయన దగ్గర ఉండేది. శంఖంలో పోస్తేగాని తీర్థం కాదన్నట్టు, ఆ పుస్తకంలోకి ఎక్కితేగాని పిట్ట పిట్ట కాదు. అంతకుముందు ఏడాది నేను రైసు మిల్లువాళ్ళ పెంపుడు బాతుని హిమాలయాల నుంచి దిగిన వలసపక్షి అని రాయించాను. అప్పట్నుంచీ మాస్టారికి నా మాటంటే అపారమైన నమ్మకం.

"ఇంకొక్కసారి తప్పయిందా, నీ పేరు కొట్టేస్తానయ్యా. ఫోటో లేకుండా నా గుమ్మం తొక్కకు" అన్నారు.

రోహిణి ఎండలు దంచేసి, మృగశిర రేపో మాపో అనగా, మా రేపల్లె పక్కన నగరం అనే ఊరి దగ్గర అడుగంటిన చెరువులో నా పాలిట దేవుడు దిగాడు. అడవి బాతు! నల్లటి వీపు, తెల్లటి మొహం నిండా నల్లచుక్కలు, ముక్కు మీద పెద్ద నేరేడుపండంత బొడిపె. వానల ముందు మగబాతుకి అది ఉబ్బుతుంది. బొడిపె ఉంటే అరుదైన అతిథి. లేకపోతే కోసిన చేలల్లో మందగా తోలుకొచ్చే బాతులవాళ్ళ బాతు. మహిమంతా ఆ బొడిపెలోనే ఉంది. గుర్తుపెట్టుకోండి, నాలా మర్చిపోకండి.

బురదలో బోర్లా పడుకుని, అరువు కెమెరాతో రీల్లోని పన్నెండూ కొట్టేశాను. బాతు కదల్లేదు. పదకొండింటిలో నా చెయ్యి కదిలింది.

తెనాలిలో స్టూడియో మస్తాన్ గారు పెళ్ళిచూపుల ఫోటోలకి పెట్టింది పేరు. రీలు కడిగి అన్నారు: "ఒకటే బాగొచ్చిందండి. ఏం చెయ్యమంటారు?"

ప్రింటు వెయ్యండి అంటే సరిపోయేది. నేను అలా సరిపెట్టే రకమా?

"మస్తాన్ గారూ, ఇది పెళ్ళిచూపుల ఫోటో అనుకోండి. అవతలివాళ్ళు మహా గట్టివాళ్ళు. వంక పెట్టడానికి సందు ఉండకూడదు."

"ఆ ఒక్క మాట చెప్పారుగా, ఇక నాకొదిలేయండి."

వదిలేశాను.

ఆదివారం పొద్దున్నే కవరు తీసుకుని బాపట్ల రైలెక్కాను. తెరిస్తే వేలిముద్రలు పడతాయని తెరవలేదు. జాగ్రత్తంటే అదీ!

అడవి బాతు దొరికిందనగానే, "ఏమయ్యా, బొడిపె ఉందా?" అన్నారు మాస్టారు, మా పిట్టల పిచ్చివాళ్ళందరి ముందూ.

"నేను చెప్పడమెందుకండి? మీ కళ్ళే చెబుతాయి."

ఆయన ఫోటో తీసి చూశారు. ఆయన కళ్ళు చాలాసేపు ఏమీ చెప్పలేదు.

"బాతు చక్కగా ఉందయ్యా. బాతులవాళ్ళు ఏం మేపుతున్నారో కనుక్కో" అన్నారు చివరికి.

ఫోటో లాక్కుని చూశాను. ఓరి నాయనో! బొడిపె లేదు, ఒక్క చుక్క లేదు. కడిగిన ముత్యంలాంటి మొహంతో, నున్నటి ముక్కుతో, బాతు సిగ్గుపడుతూ పక్కకి చూస్తోంది.

మాస్టారు పుస్తకంలో "పెంపుడు బాతు. ఆరోగ్యంగా ఉంది" అని రాసి, నా పేరు కొట్టేశారు. నిజంగానే ఏడుపొచ్చింది.

తిరుగు రైల్లో తెనాలిలో దిగి స్టూడియో మీద పడ్డాను.

"మస్తాన్ గారూ, ముక్కు మీద బొడిపె ఏదండీ?"

"తీసేశానండి! అబ్బ, ఎంత కంతి! మొహం నిండా మచ్చలు కూడానూ. రెండ్రోజులు కూర్చుని నెగెటివ్ మీదే రంగు అద్దాను."

"మళ్ళీ రప్పించలేరా?"

"రంగు ఇంకిపోయిందండి. అయినా పోయిన మచ్చల్ని ఎవరైనా రప్పించుకుంటారా?" అని, ఆత్రంగా ముందుకి వంగారు. "ఇంతకీ సంబంధం కుదిరిందా?"

"వంక మాత్రం పెట్టలేదండి" అన్నాను.

ఆయన మురిసిపోయి, ఆ బాతుని పెద్ద సైజు వేసి స్టూడియో ముందు అద్దాల్లో పెట్టారు. అక్కడొక పెద్దాయన కొడుకుని నిలబెట్టి, "బాతుకే ఇంత కళ తెప్పించాడురా, నీదేముంది!" అనడం నా చెవులారా విన్నాను.

కాబట్టి పాఠక మహాశయుల సమక్షంలో, త్రికరణశుద్ధిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను: ఎవరి ముక్కు మీద ఏముంటే అది ఉండనిస్తాను. ఈ జన్మలో మరే బాతుకీ పెళ్ళిచూపులు చెయ్యను.